మాజీ గవర్నర్ జీవిత పరిచయం ఎలా రాయాలి: బూర్గుల రామకృష్ణారావు ఉదాహరణగా

గవర్నర్‌గా చేసినవారి గురించి రాసేటప్పుడు తరచూ జరిగే పొరపాటు ఒకటే. ఆ కాలంలో రాష్ట్రంలో జరిగిన మంచీ చెడూ అంతా ఆయన ఖాతాలో వేసేస్తారు. రాజ్యాంగంలోని 166వ అధికరణం ప్రకారం రాష్ట్ర ప్రభుత్వ ఉత్తర్వులన్నీ గవర్నర్ పేరు మీద వెలువడతాయి, కానీ నిర్ణయం మామూలుగా మంత్రివర్గానిది. అందువల్ల ఆయన సొంతంగా చేసిందేమిటో వేరు చేయడమే అసలు పని. బూర్గుల కేరళ గవర్నర్‌గా ఉన్న కాలం దీనికి మంచి పాఠం.

ముందు ఒక కాగితం మీద నాలుగు గడులు గీయండి: రాష్ట్రం, బాధ్యతలు చేపట్టిన తేదీ, వదిలిన తేదీ, అప్పటి ముఖ్యమంత్రి. నియామకం ప్రకటించిన రోజును పదవీకాలం మొదటి రోజుగా రాయొద్దు. ప్రమాణం చేసి బాధ్యతలు తీసుకున్న రోజే లెక్క. బూర్గుల 1956 నవంబర్ 22 నుంచి 1960 జులై 1 వరకు కేరళలో ఉన్నారు. అప్పుడు ఉత్తరప్రదేశ్‌లో ఉన్న వి.వి. గిరి కేరళకు వచ్చారు, బూర్గుల ఉత్తరప్రదేశ్‌కు వెళ్లారు. ఇద్దరు తెలుగువారు ఒకరి రాజ్‌భవన్‌లోకి ఒకరు మారారన్నమాట. ఇలాంటిచోట పేర్లు తారుమారవడం తేలిక, కాబట్టి రెండు రాష్ట్రాల గవర్నర్ల జాబితాలూ పక్కపక్కన పెట్టి సరిచూసుకోవాలి.

ఇక నాలుగో గడి దగ్గర తొందరపడొద్దు. బూర్గుల వెళ్లేసరికి కేరళలో రాష్ట్రపతి పాలన ఉంది. 1957 ఏప్రిల్ 5న ఇ.ఎం.ఎస్. నంబూద్రిపాద్ ప్రభుత్వం వచ్చింది. 1959 జులై 31న మళ్లీ రాష్ట్రపతి పాలన. 1960 ఫిబ్రవరి 22న పట్టం థాను పిళ్లై ముఖ్యమంత్రి అయ్యారు. (ఈయనే తర్వాత ఆంధ్రప్రదేశ్ గవర్నర్‌గా వచ్చారు.) మూడున్నరేళ్లకు పైబడిన ఈ కాలాన్ని ఒకే ముద్దగా రాస్తే పాఠకుడికి ఏమీ అర్థం కాదు. రాష్ట్రపతి పాలన నెలల్లో కేంద్రం తరఫున పాలన నడిపింది గవర్నరే, అక్కడ ‘బూర్గుల హయాంలో’ అనడం సబబే. ఇ.ఎం.ఎస్. కాలానికి అదే మాట వాడితే తప్పుదారి పట్టించినట్టే.

మంత్రివర్గం ఉన్న కాలంలో గవర్నర్ పాత్ర వెతకాల్సింది ముఖ్యంగా మూడు చోట్ల: ముఖ్యమంత్రి ఎంపిక, బిల్లులపై నిర్ణయం, రాష్ట్రపతికి పంపే నివేదిక. 1957లో కేరళ శాసనసభ ఆమోదించిన విద్యా బిల్లును గవర్నర్ రాష్ట్రపతి పరిశీలనకు ఉంచారు. రాష్ట్రపతి దాని మీద సుప్రీంకోర్టు సలహా అడిగారు, 1958లో కోర్టు అభిప్రాయం చెప్పింది. ఈ వరుసలో ఏ మెట్టు ఎవరిదో పేరు పెట్టి రాయండి. ‘బిల్లును గవర్నర్ ఆపేశారు’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తే మూడు సంస్థల పని ఒకరి నెత్తిన పడుతుంది.

1959 విషయంలోనూ అంతే. 356వ అధికరణం కింద రాష్ట్రపతి పాలన ప్రకటన చేసేది రాష్ట్రపతి. కాబట్టి గవర్నర్ ‘నివేదిక పంపారు’ అనాలి తప్ప ‘ప్రభుత్వాన్ని రద్దు చేశారు’ అనకూడదు. ఆ ప్రకటనకు పార్లమెంటు ఆమోదం తప్పనిసరి, కాబట్టి 1959 ఆగస్టు లోక్‌సభ చర్చల్లో అనుకూల, ప్రతికూల వాదనలు రెండూ దొరుకుతాయి. రెంటినీ చదివాకే ఆ పేరా రాయండి.

గవర్నర్ కాకముందు జీవితానికి ఒక పేరా చాలు, కానీ రాష్ట్రం పేరు దగ్గర జాగ్రత్త. బూర్గుల 1952 నుంచి 1956 వరకు ముఖ్యమంత్రిగా ఉన్నది హైదరాబాద్ రాష్ట్రానికి. ఆంధ్రప్రదేశ్ అప్పటికి పుట్టలేదు. ఊళ్లకు అప్పటి జిల్లా పేరు రాసి, మారి ఉంటే ఇప్పటిదీ చేర్చండి.

చివరగా, ‘గవర్నర్’ కర్తగా ఉన్న ప్రతి వాక్యం కిందా గీత పెట్టుకుని, ఆ పని చేసే అధికారం ఆ రోజున ఎవరి చేతిలో ఉందో పైన గీసిన గడులతో పోల్చుకోండి. సరిపోలకపోతే కర్తను మార్చండి.