ట్రైపాడ్ కాళ్లు ఒండ్రులో దిగిపోతుంటే

తెల్లారగట్ల కాలవ గట్టున ట్రైపాడ్ (కెమెరా పెట్టే మూడు కాళ్ల స్టాండు) నిలబెడితే, రెండు సెకన్ల ఎక్స్‌పోజర్ (షట్టరు తెరుచుకుని ఉండే సమయం) పూర్తయ్యేలోపే ఓ కాలు మెల్లగా దిగబడి ఫొటో చెదిరిపోతుంది. మా కోనసీమ ఒండ్రు మట్టి అలాంటిది. వచ్చే నెల మా ఇంట్లోకి పాపో బాబో రాబోతున్నారు, కొత్త ట్రైపాడ్‌కి దాచిన డబ్బు కాన్పు ఖర్చుకి పక్కన పెట్టేశాను. అందుకని పాతదానికే ఈ ఉపాయం చేశాను.

అరిగిపోయిన హవాయి చెప్పుల జతలోంచి మూడంగుళాల ముక్కలు మూడు కొయ్యండి. ఒక్కోదాని మధ్య ట్రైపాడ్ కాలి రబ్బరు బిగుతుగా కూర్చునేలా గుంట తియ్యండి. సగం మందం వరకే, అడుగున చిల్లు పడకూడదు. కాళ్లకి తొడిగి, ఒక్కో కాలినీ చేత్తో గట్టిగా నొక్కి, ఒక నిమిషం ఆగండి. ట్రైపాడ్ మధ్య కొక్కేనికి బరువున్న సంచి తగిలించి, అడుగు నేలకి ఆనేలా చూడండి, లేకపోతే గాలికి ఊగుతుంది. షట్టరుకి రెండు సెకన్ల టైమరు పెట్టండి, బటన్ నొక్కిన అదురు ఆగాకే ఫొటో పడుతుంది. దిండి దగ్గర వశిష్ఠ గోదావరి ఒడ్డున, మంచులో తీసిన ఫొటోల్లో కొబ్బరాకు ఈనెలు కూడా విడివిడిగా వచ్చాయి.

నాట్లకి దమ్ము చేసిన చేలో మాత్రం పెట్టకండి, ముక్కలతో సహా దిగిపోతుంది. పంటు (రేవు దాటించే పడవ) మీదా పెట్టకండి, ఇంజను అదురు దీనితో ఆగదు.