ఒక బిడ్డకు ఒకే ఐడీ: మా షంట్ రిజిస్ట్రీ ఇలా గాడిన పడింది

మా వార్డులో హైడ్రోసెఫలస్ (మెదడులో నీరు చేరే జబ్బు) పిల్లల రిజిస్ట్రీ ఉండేది గానీ, షంట్ (ఆ నీటిని ఒంట్లో వేరే చోటికి మళ్లించే ట్యూబు) మార్చిన ప్రతిసారీ అదే బిడ్డ కొత్త పేషెంటుగా ఎక్కేది. పేరు ఓసారి ఒకలా, ఇంకోసారి ఇంకోలా. పిల్లల షంట్లలో దాదాపు మూడో వంతు మొదటి ఏడాదిలోనే ఫెయిలవుతాయి. మా లెక్కల్లో మాత్రం అన్నీ భేషుగ్గా ఉన్నట్టే!

బిడ్డకు ఒకే ఐడీ ఇచ్చి, ప్రతి ఆపరేషన్‌నీ దాని కింద విడి ఎంట్రీగా కలిపాను. తేదీ, వాల్వ్ (నీరు ఎంత పోవాలో అదుపు చేసే భాగం) రకం, మార్చిన కారణం (మూసుకుపోయిందా, ఇన్ఫెక్షనా, ట్యూబు ఊడిందా) నింపందే ఫారం సేవ్ కాదు. 'ఇతరాలు' నొక్కితే వివరం రాయక తప్పదు. లేకపోతే అందరూ అదే నొక్కుతారు. ప్రోగ్రామబుల్ వాల్వ్ (బయటి నుంచే అయస్కాంతంతో ప్రెషర్ మార్చగలిగేది) అయితే ప్రెషర్ సెట్టింగు కూడా కావాలి. ఎమ్మారై తర్వాత అది మారిపోవచ్చు, పాత అంకె లేకుంటే దేంతో పోల్చి చూస్తాం?

ఫాలోఅప్‌కి రానివాళ్ల జాబితా ఇప్పుడు ప్రతి సోమవారం నర్సు చేతికి దానంతటదే వస్తుంది.