చూపులేనివారు బొమ్మల్ని తడిమి చూసే ముందు

కొండపల్లి బొమ్మలు, తోలుబొమ్మలు ప్రదర్శనకు పెడుతున్నారా? తలుపులు తెరవకముందే ఇవి చూసుకోండి.

• తాకనిచ్చే బొమ్మలు వేరే బల్ల మీద, కదలకుండా ఉండాలి. కొండపల్లి బొమ్మలు చేసే తెల్లపొణికి కర్ర బాగా తేలిక. చింతగింజల మక్కుతో (జిగురుముద్దతో) అతికించిన చేతులు, కొమ్ములు గట్టిగా పట్టుకుంటే ఊడొచ్చు. గట్టివే ఎంచండి. పేడు లేచిందేమో ముందు మీ వేలితో తడమండి.

• తోలుబొమ్మకు పొడిచిన చిల్లులు వేళ్లకు చక్కగా తెలుస్తాయి. అందుకే అద్దం వెనక పెట్టకండి. ఉంగరాలు తీయమని మర్యాదగా అడగండి.

• బ్రెయిలీ చీటీ తలకిందులుగా అంటించారేమో! చదవగలిగినవారితోనే సరిచూపించండి.

• దారిలో వైర్లు వద్దు. గోడకు ఎత్తులో పొడుచుకొచ్చిన పెట్టెలూ వద్దు, అవి చేతికర్రకు అందవు.

• చెయ్యి పట్టి లాగకండి. మీ మోచెయ్యి అందించండి.

• "ఇదిగో ఇక్కడ" కాదు, "మీ కుడిచేతి పక్కన" అనండి.