దూరపు పరుగు స్వయంగా నేర్చుకుందాం – 5వ పాఠం: పేస్ పట్టుకోవడం

నాలుగో పాఠం దాకా చేసినవాళ్ళు ఈపాటికి వారానికి నాలుగు రోజులు పరుగెత్తుతూ ఉంటారు. వారాంతపు లాంగ్ రన్ 14, 16 కిలోమీటర్ల దాకా వచ్చి ఉంటుంది. అంతదూరం రానివాళ్ళు కంగారు పడకండి. ఇంకో రెండు వారాలు ఆ పాఠంలోనే ఉండి, కాళ్ళు అలవాటు పడ్డాక దీనికి రండి.

ఇప్పటిదాకా దూరం గురించే మాట్లాడుకున్నాం. ఈసారి పేస్, అంటే కిలోమీటరుకు పట్టే సమయం. 6:30 పేస్ అంటే కిలోమీటరుకు ఆరున్నర నిమిషాలు. ఈ ధారావాహికలో నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించే పాఠం ఇదే. బాగా తయారై వచ్చినవాళ్ళు కూడా చివరి పది కిలోమీటర్లు కాళ్ళీడ్చుకుంటూ నడవడం ఏ మారథాన్‌లో చూసినా కనిపిస్తుంది. వాళ్ళలో చాలామందికి సత్తువ లేక కాదు ఆ పరిస్థితి. మొదటి పది కిలోమీటర్లలో తొందరపడ్డారు, అంతే. నెలల తరబడి తెల్లవారుజామున లేచి పడ్డ కష్టం ఒక గంట తొందరపాటుతో పోవడం చూస్తే బాధేస్తుంది. నేర్చుకుంటే తప్పించుకోగలిగిన బాధ అది.

మొదట్లో తేలిగ్గా ఎందుకు ఉంటుంది?

రేసుకు ముందు రెండు వారాలు పరుగు తగ్గిస్తాం కాబట్టి కాళ్ళు తాజాగా ఉంటాయి. కండరాల్లో, కాలేయంలో గ్లైకోజన్, అంటే శరీరం నిల్వ చేసుకున్న పిండిపదార్థం, నిండుగా ఉంటుంది. చుట్టూ జనం, చప్పట్లు, కొంచెం టెన్షన్. వీటన్నిటి వల్ల రోజూ శ్రమ అనిపించే వేగం ఆ రోజు షికారులా ఉంటుంది. సరైన పేస్‌లో వెళ్తుంటే మరీ నెమ్మదిగా పోతున్నామేమో అనిపిస్తుంది. పక్కనుంచి వందలమంది దాటిపోతుంటారు. అప్పుడు మనసు చెప్పేది వినకూడదు. రెండు గంటల తర్వాత ఎలా ఉంటుందో ఆ నిమిషంలో శరీరం చెప్పలేదు.

లోపల జరిగేది ఇది. పరుగుకు కిలో బరువుకు, కిలోమీటరుకు సుమారు 1 కిలోకేలరీ ఖర్చవుతుంది. 70 కిలోల మనిషికి 42.195 కిలోమీటర్లకు దాదాపు 2,950. శరీరంలో నిల్వ ఉండే గ్లైకోజన్ 400 నుంచి 500 గ్రాములు, అంటే 2,000 కిలోకేలరీల లోపే. మిగతాది కొవ్వు నుంచి, దారిలో తీసుకునే జెల్ (చక్కెరలతో చేసిన చిక్కటి ద్రవం) వంటి వాటి నుంచి రావాలి. కొవ్వు ఎంత సన్నటి మనిషిలోనైనా కావలసినంత ఉంటుంది, కానీ దాని నుంచి శక్తి నిదానంగా వస్తుంది. నెమ్మదిగా పరుగెత్తినప్పుడు కొవ్వు వాటా ఎక్కువ, వేగం పెంచేకొద్దీ గ్లైకోజన్ వాటా ఎక్కువ. కాబట్టి మొదట్లో కాస్త ఎక్కువ వేగంతో వెళ్తే, దూరం అంతే అయినా గ్లైకోజన్ ముందే అడుగంటుతుంది. 30, 32 కిలోమీటర్ల దగ్గర కాళ్ళు ఒక్కసారిగా బరువెక్కడం, కిలోమీటరుకు ఒకటిన్నర, రెండు నిమిషాలు పడిపోవడం చాలావరకు ఇందువల్లే.

లెక్క వేసి చూడండి. 4 గంటల 30 నిమిషాల్లో మారథాన్ పూర్తి చేయాలంటే 6:24 పేస్ కావాలి. ఒకరు ఉత్సాహంలో మొదటి 10 కిలోమీటర్లు 6:04తో వెళ్ళారనుకుందాం. కిలోమీటరుకు 20 సెకన్ల చొప్పున 3 నిమిషాల 20 సెకన్లు కలిసొచ్చాయి. చివరి 10 కిలోమీటర్లు శక్తి లేక 8:00 పేస్‌కు పడిపోతే పోయేది 16 నిమిషాలు. ముందు సంపాదించి దాచుకుందాం అనే ఆలోచన దూరపు పరుగులో పనిచేయదని దీన్నిబట్టే తెలుస్తుంది.

ఎంత పెద్ద రన్నర్లకైనా ఇది తప్పదు. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌కు కొద్ది వారాల ముందే మారథాన్‌లో ప్రపంచంలో అత్యుత్తమ సమయం నమోదు చేసిన జిమ్ పీటర్స్, ఆ ఒలింపిక్స్ మారథాన్‌లో మొదట్లోనే చాలా వేగంగా వెళ్ళి, 32 కిలోమీటర్ల ప్రాంతంలో రేసు వదిలేయాల్సి వచ్చింది. గెలిచింది ఎమిల్ జాటొపెక్. అదే ఒలింపిక్స్‌లో 5,000, 10,000 మీటర్లు గెలిచి, జీవితంలో మొదటిసారి మారథాన్ పరుగెత్తుతున్న మనిషి. 2023లో చికాగోలో కెల్విన్ కిప్టమ్ 2:00:35తో ప్రపంచ రికార్డు నెలకొల్పినప్పుడు మొదటి సగం 60:48, రెండో సగం 59:47. రెండో సగమే వేగం. అంతకుముందు 2022లో బెర్లిన్‌లో ఎలియుడ్ కిప్చోగే 2:01:09తో రికార్డు సాధించినప్పుడు మొదటి సగమే వేగంగా ఉంది, 59:51. రెండోది 61:18. తేడా నిమిషంన్నర లోపే. మనలాంటి మామూలు రన్నర్లకు రెండు సగాల మధ్య పది, పదిహేను నిమిషాల తేడా రావడం సర్వసాధారణం. దాన్ని నాలుగైదు నిమిషాల లోపుకు తేగలిగితే, ఫిట్‌నెస్ ఏమీ పెరగకుండానే మీ టైమింగ్ మెరుగుపడుతుంది.

మీ పేస్ ఎంత?

కోరిక నుంచి కాదు, కొలత నుంచి మొదలుపెట్టాలి. రెండు రోజులు తేలిగ్గా గడిపి, చదునైన దారిలో 10 కిలోమీటర్లు మీకు చేతనైనంత బాగా పరుగెత్తండి. ఆ సమయం నుంచి పెద్ద దూరాన్ని అంచనా కట్టడానికి పీటర్ రీగెల్ అనే ఇంజనీరు 1970ల్లో ఇచ్చిన సూత్రం ఇప్పటికీ వాడుకలో ఉంది. దూరం ఎన్ని రెట్లు పెరిగిందో ఆ సంఖ్యను 1.06 ఘాతానికి పెంచి, మీ సమయంతో గుణించాలి. కాలిక్యులేటర్ అక్కర్లేకుండా చెప్పాలంటే, 10 కిలోమీటర్ల సమయాన్ని 2.2తో గుణిస్తే హాఫ్ మారథాన్ (21.1 కిలోమీటర్లు) సమయం, 4.6తో గుణిస్తే ఫుల్ మారథాన్ సమయం. 10 కిలోమీటర్లు సరిగ్గా గంటలో చేసినవారికి హాఫ్ 2 గంటల 12 నిమిషాలు, ఫుల్ 4 గంటల 36 నిమిషాలు వస్తుంది.

ఈ సూత్రం మీరు ఆ దూరానికి తగ్గట్టు తయారయ్యారని అనుకుంటుంది. హాఫ్‌కు దాదాపు సరిపోతుంది. మొదటిసారి ఫుల్ పరుగెత్తేవాళ్ళకు మాత్రం తక్కువ సమయం చూపిస్తుంది, ఎందుకంటే వారానికి 40 కిలోమీటర్లు చేసే శరీరం 35వ కిలోమీటరు దగ్గర ఎలా ఉంటుందో 10 కిలోమీటర్ల పరుగు చెప్పలేదు. మొదటి ఫుల్ అయితే ఇంకో పది, పదిహేను నిమిషాలు కలుపుకోమని నా సలహా. అప్పుడు పై ఉదాహరణలో లక్ష్యం 4 గంటల 50 నిమిషాలు అవుతుంది, పేస్ 6:52. ఈ పాఠంలో ఇకమీదట ఈ అంకెతోనే చెబుతాను, మీరు మీ అంకె పెట్టుకోండి.

సాధన

మొదటి సాధన వాచీ చూడకుండా చేసేది. 400 మీటర్ల ట్రాక్ దొరికితే మొదటి లేన్‌లో పరుగెత్తండి. 6:52 పేస్‌కు ఒక చుట్టు 2 నిమిషాల 45 సెకన్లలో పూర్తవ్వాలి. వాచీని చొక్కా చేతి కింద దాచి ఒక చుట్టు వెళ్ళి, ఎంత పట్టిందో ముందు మీరే పైకి చెప్పండి, తర్వాత చూడండి. మొదట్లో అంచనా 10, 15 సెకన్లు తప్పుతుంది. చాలామంది అనుకున్నదానికన్నా వేగంగా వెళ్తారు. నిమిషం నడిచి మళ్ళీ. ఇలా ఎనిమిది చుట్లు. కొన్ని వారాల్లో తేడా 3, 4 సెకన్లకు వస్తుంది. అంతటితో ఆపేయకండి, అలసటతో ఉన్న రోజు, ఎండ ఉన్న రోజు కూడా చేయండి. ఒకే పేస్ వేరువేరు రోజుల్లో వేరుగా అనిపిస్తుంది. ఆ తేడాను గుర్తుపట్టడమే ఇందులో నేర్చుకునేది.

ట్రాక్ లేకపోతే కొలిచిన ఒక కిలోమీటరు దారి చాలు. జీపీఎస్ వాచీలో అప్పటికప్పుడు కనిపించే పేస్‌ను నమ్ముకోవద్దు. చెట్ల కింద, ఎత్తైన భవనాల మధ్య అది అటూ ఇటూ గెంతుతుంది. ఆ కిలోమీటరు సగటు చూపించే ల్యాప్ పేస్ పెట్టుకోండి.

ఊపిరి కూడా మంచి కొలతే. తేలికపాటి పరుగులో పూర్తి వాక్యాలు మాట్లాడగలగాలి. మారథాన్ పేస్‌లో చిన్న వాక్యాలు వస్తాయి. మూడు నాలుగు మాటలకే ఊపిరి తీసుకోవాల్సి వస్తే అది టెంపో, అంటే మారథాన్ పేస్ కన్నా గట్టి వేగం, దాంతో నాలుగు గంటలు నడవదు. పక్కన మనిషి లేకపోతే ఒక పద్యమో పాటో రెండు పాదాలు పైకి అని చూసుకోండి.

రెండో సాధన లాంగ్ రన్‌లో కలుస్తుంది. వారం విడిచి వారం, 18 కిలోమీటర్లలో మొదటి 12 తేలిగ్గా, అంటే లక్ష్యం కన్నా కిలోమీటరుకు 30 నుంచి 60 సెకన్లు నిదానంగా వెళ్ళి, చివరి 6 లక్ష్యపు పేస్‌తో చేయండి. అలిసిన కాళ్ళతో ఆ పేస్ ఎలా ఉంటుందో శరీరానికి తెలియాలి. మొదటి 12 సరదాగా వేగంగా చేసేస్తే ఈ సాధన వల్ల ఉపయోగం లేదు. మధ్య వారాల్లో లాంగ్ రన్ మొత్తం తేలిగ్గానే ఉండాలి. ప్రతి వారం రేసులా పరుగెత్తేవాళ్ళకు గాయాలే మిగులుతాయి.

గుండె వేగం చూసుకునేవాళ్ళకు ఒక మాట. చాలాసేపు, ముఖ్యంగా ఎండలో పరుగెత్తితే, పేస్ మారకపోయినా గుండె వేగం మెల్లగా పెరుగుతుంది. చెమటతో రక్తంలోని ద్రవం తగ్గుతుంది, చల్లబరచడానికి రక్తం చర్మానికి ఎక్కువగా వెళ్తుంది, ఒక్కో స్పందనకు గుండె పంపే రక్తం తగ్గుతుంది, ఆ లోటు తీర్చడానికి గుండె ఎక్కువసార్లు కొట్టుకుంటుంది. కాబట్టి రెండో గంటలో ఆ అంకె ఒక్కదాన్నే చూసి భయపడొద్దు. అయితే వేడి ఎక్కువగా ఉన్న రోజు లక్ష్యం తగ్గించుకోక తప్పదు, దానితో పంతం పెట్టుకోకండి. ఛాతీలో నొప్పి, కళ్ళు తిరగడం ఉంటే వెంటనే ఆగి సాయం అడగాలి. పేస్ ఆ తర్వాతి సంగతి.

రేసు రోజు

మీ పేస్‌వాళ్ళున్న వరుసలో నిలబడండి. ముందుకు వెళ్ళి నిలబడితే వాళ్ళ వేగం మిమ్మల్ని లాక్కుపోతుంది. మొదటి 5 కిలోమీటర్లు లక్ష్యం కన్నా కిలోమీటరుకు 10 సెకన్లు నిదానంగా, అంటే 7:02తో వెళ్ళండి. మొత్తం పోయేది 50 సెకన్లే. జనంలో సందుల్లోంచి దూరుకుంటూ ముందుకు పోవద్దు, దానికి దూరమూ పెరుగుతుంది, ఊపిరీ ఖర్చవుతుంది. అక్కడి నుంచి 30 దాకా 6:52 పట్టుకుని ఉండటమే పని. 30 తర్వాత శక్తి మిగిలితే అప్పుడు పెంచండి. అంతకుముందు ఎంత బాగున్నా పెంచకండి. 18, 20 కిలోమీటర్ల దగ్గర చాలా హాయిగా అనిపించే ఘడియ ఒకటి వస్తుంది, అక్కడే ఎక్కువమంది తొందరపడతారు.

ఎత్తు ఎక్కేటప్పుడు పేస్ కాదు, శ్రమ ఒకేలా ఉండాలి. ఊపిరి మారకుండా ఎంత నెమ్మదైతే అంత నెమ్మదిగా ఎక్కండి. దిగేటప్పుడు కాలు ముందుకు చాచి బ్రేకు వేసినట్టు దిగితే తొడల ముందు కండరాలు దెబ్బతింటాయి. అడుగులు చిన్నవి చేసుకుని దిగండి.

పేసర్ (నిర్ణీత సమయానికి తగ్గ వేగంతో ముందు పరుగెత్తే మనిషి) వెంట వెళ్ళడం మంచిదే, కానీ వాళ్ళూ మనుషులే. మొదటి మూడు కిలోమీటర్ల సమయం మీరే చూసుకుని, వేగంగా పోతున్నారనిపిస్తే వదిలేయండి.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. రోడ్డు రేసు దూరాన్ని సాధ్యమైనంత దగ్గర దారిలో, మలుపుల దగ్గర అంచు నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో కొలుస్తారు. జనం మధ్య మనం ఆ గీత మీద పోలేం కాబట్టి మన వాచీ చివరికి 42.6 చూపించవచ్చు. 6:52 పేస్‌లో ఆ అదనపు 400 మీటర్లకు 2 నిమిషాల 45 సెకన్లు పడుతుంది. అందుకే వాచీ మోతను కాకుండా దారి పక్కన కిలోమీటరు బోర్డులను నమ్మండి. 5, 10, 21.1, 30 దగ్గర ఎంత సమయం ఉండాలో చిన్న కాగితం మీద రాసి బిబ్ (ఛాతీ మీద పెట్టుకునే నంబరు కాగితం) వెనక పెట్టుకుంటే, అలసటలో లెక్కలు వేసే బాధ ఉండదు.

ఈ రెండు వారాల పని

మొదటి వారం 10 కిలోమీటర్ల పరీక్ష, లక్ష్యం నిర్ణయించుకోవడం. ఆ వారం లాంగ్ రన్ 14 దాటనివ్వకండి. రెండో వారం ఒక రోజు వాచీ చూడకుండా ఎనిమిది చుట్లు, రెండు రోజులు తేలిక పరుగు, వారాంతంలో 12 తేలిగ్గా, 6 లక్ష్యపు పేస్‌తో. ప్రతి చుట్టుకూ మీ అంచనా, అసలు సమయం పక్కపక్కనే నోట్‌బుక్‌లో రాయండి. ఆరో పాఠం జెల్స్, నీళ్ళు, ఉప్పు గురించి. నీళ్ళు తక్కువైనా, మరీ ఎక్కువైనా ప్రమాదమే కాబట్టి గంటకు ఎంత అన్నది అక్కడ వివరంగా చూద్దాం. మీరు దారిలో ఎన్ని గంటలు ఉంటారో తెలిస్తేనే ఆ లెక్క మొదలవుతుంది, అందుకని నిర్ణయించుకున్న సమయం ఆ పేజీ పైనే రాసి ఉంచండి.