ఇంగ్లండ్‌కు కొత్తగా వచ్చారా? జబ్బు చేయకముందే ఎన్‌హెచ్‌ఎస్ యాప్ పెట్టుకోండి

ఎన్‌హెచ్‌ఎస్ అంటే ఇక్కడి ప్రభుత్వ వైద్య వ్యవస్థ. ఇక్కడ మా మొదటి చలికాలంలో మూడేళ్ళ మా బాబుకు ఒళ్ళంతా దద్దుర్లు వచ్చాయి. జీపీ (ఇంటి దగ్గరి మామూలు డాక్టరు) క్లినిక్‌కు ఆన్‌లైన్‌లో ఫారం నింపి పంపాను. కాసేపటికి ఫోనుకు సందేశం వచ్చింది: దద్దుర్ల ఫొటో తీసి పంపమని. చెయ్యి పట్టి చూడకుండా వైద్యమేమిటని కోపం వచ్చింది. పిల్లవాణ్ణి ఎత్తుకుని ఎమర్జెన్సీకి వెళ్ళి ఐదు గంటలు కూర్చున్నాను. చివరికి ఆ వరుసలోనే విసుగెత్తి ఫొటో పంపితే, పావుగంటలో క్లినిక్ డాక్టరే ఫోను చేశారు.

ఇలా ఫోనులో జరిగే వైద్యమన్నా, ఎన్‌హెచ్‌ఎస్ యాప్ అన్నా మనవాళ్ళు వెనకాడేది చదువు లేక కాదు, నమ్మకం కుదరక. ఊళ్ళో అయితే డాక్టరును చూస్తేనే సగం జబ్బు తగ్గినట్టుంటుంది. 2019లో మొదలైన ఈ-సంజీవని, అంటే వీడియోలో డాక్టరును చూపించే ప్రభుత్వ సేవ, మన పల్లెల్లో జనానికి అలవాటవడానికి ఒక కారణం, తెర ముందు రోగి పక్కన ఆరోగ్య కేంద్రం ఉద్యోగి ఉండటమే అని నేననుకుంటాను. ఇక్కడ ఆ పక్కమనిషి ఉండరు. అందుకే మొదటిసారి తెలిసినవారిని పక్కన కూర్చోబెట్టుకోండి.

ముందు దగ్గరలోని జీపీ క్లినిక్‌లో పేరు నమోదు చేసుకోండి. అది ఉచితం, చిరునామా రుజువు తప్పనిసరి కాదు. ఆ తర్వాత పాస్‌పోర్టు చేతిలో పెట్టుకుని, వెలుతురున్న చోట యాప్‌లో మీరెవరో రుజువు చేసే గుర్తింపు పని పూర్తి చేయండి. జ్వరంతో మూలుగుతూ చేసే పని కాదది. యాప్‌లో తెలుగు లేదు. ఇంగ్లీషు ఇబ్బందైతే నమోదు చేసేటప్పుడే తెలుగు దుబాసీ కావాలని చెప్పండి, అందుకు డబ్బు తీసుకోరు.

అక్కాచెల్లెళ్ళకు ఒక మాట. ఇంట్లో అందరికీ భర్త ఫోను నంబరే ఇవ్వడం మనకు అలవాటు. అలా ఇస్తే మీ పరీక్షల కబురు, గర్భం సంగతి కూడా ముందు ఆ ఫోనుకే చేరుతుంది. ఎంత మంచి భర్త అయినా సరే, మీ ఒంటి సంగతి ముందు మీకు తెలియాలి. మీకంటూ వేరే ఈమెయిలు, వేరే నంబరు ఇవ్వండి. యాప్ 13 ఏళ్ళు నిండినవారికే. పసిపిల్లల వివరాలు మీ ఖాతాలో కనిపించే వీలుందేమో క్లినిక్‌లో అడగండి.

మందుల చీటీ కాగితం మీద రాకపోతే కంగారు పడకండి. యాప్‌లో మీరు ఎంచుకున్న మందుల షాపుకే నేరుగా వెళుతుంది. ఒక్కో మందుకు 2024 మే నుంచి 9.90 పౌండ్లు. 16 ఏళ్ళలోపు పిల్లలకు ఉచితం. గొంతునొప్పి, చెవిపోటు వంటి ఏడు జబ్బులకు 2024 జనవరి నుంచి ఆ షాపు ఫార్మసిస్టే చూసి మందిస్తారు.

రాత్రివేళ ఎటూ తోచకపోతే ఎన్‌హెచ్‌ఎస్ సలహా నంబరు 111కు ఫోను చేయండి. ఛాతీనొప్పి, ఊపిరాడకపోవడం, గాజుగ్లాసుతో అదిమినా మాయంకాని దద్దుర్లు, వీటికి మాత్రం యాప్ తెరవకండి. వెంటనే అత్యవసర నంబరు 999కు ఫోను చేయండి.