మెడ బిళ్ళ ముక్క పరీక్ష: టీ-కణ లింఫోమా చేజారకుండా

మెడలో, చంకల్లో బిళ్ళలు (వాచిన లింఫ్ గ్రంథులు), సాయంత్రానికి జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం. కర్నూలులోనైనా కడపలోనైనా ముందు టీబీయే అనుకుంటాం; చాలాసార్లు అదే అవుతుంది కూడా. కానీ పెద్ద వయసువాళ్లలో వీటికి తోడు ఒంటిమీద దద్దు, దురద, ఇయోసినోఫిల్స్ (ఒక రకం తెల్ల రక్తకణాలు) పెరగడం, కూంబ్స్ పాజిటివ్ రక్తహీనత (సొంత రోగనిరోధక శక్తే ఎర్ర రక్తకణాలను దెబ్బతీయడం) ఉంటే ఫాలిక్యులర్ హెల్పర్ టీ-కణాల లింఫోమాను (లింఫ్ గ్రంథుల్లోని టీ-కణాల క్యాన్సర్‌ను) తప్పక అనుమానించాలి.

ముక్క (బయాప్సీ) తీసేదాకా ప్రెడ్నిసలోన్ (స్టెరాయిడ్ మందు) వద్దు. దద్దు తగ్గడానికని కొద్దిరోజులు వాడినా బిళ్ళ కుంచించుకుపోయి స్లైడులో జబ్బు గుర్తుపట్టరాకుండా పోవచ్చు.

సూది పరీక్షను నమ్ముకోవద్దు. ఈ జబ్బులో గ్రంథి అల్లిక మొత్తం కనబడాలి, కాబట్టి బిళ్ళను పూర్తిగా తీయించాలి. మెడలో ఉంటే గజ్జలది వదిలేయండి; చెప్పుల్లేకుండా పొలంలో తిరిగేవాళ్లకు కాళ్ల పుండ్ల వల్ల కూడా అక్కడ బిళ్ళలు కడతాయి.

తీయగానే చిన్న ముక్క కోసి, శుభ్రమైన డబ్బాలో సెలైన్‌లో టీబీ కల్చర్‌కు, సీబీనాట్‌కు (టీబీ క్రిమి జన్యువును పట్టే పరీక్షకు) పంపాలి. ఫార్మలిన్‌లో పడితే కల్చర్‌కు పనికిరాదు. మిగతాది 3-4 మిల్లీమీటర్ల మందం ముక్కలుగా కోసి, ముక్కలకు పది రెట్లు 10 శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్‌లో, వెడల్పు మూతి డబ్బాలో వేయాలి. కోయకుండా వేస్తే లోపలికి ఫార్మలిన్ చేరేలోపే మధ్యభాగం పాడవుతుంది. ఇరుకు మూతి సీసాలో గట్టిపడ్డ ముక్క బయటికి రాదు. 6 నుంచి 48 గంటల్లోపు ప్రాసెసింగ్‌కు వెళ్లాలి.

ఇమ్యునో పరీక్షల్లో (కణాల గుర్తు ప్రోటీన్లకు రంగు వేసి చూసేవి) సీడీ3, సీడీ4, సీడీ20, సీడీ21తో పాటు పీడీ1, ఐకాస్, సీఎక్స్‌సీఎల్13, బీసీఎల్6, సీడీ10 అడగండి. ఈ చివరి ఐదింటిలో సీడీ4 కణాలకు కనీసం రెండు, వీలైతే మూడు పాజిటివ్ రావాలి. మామూలు వాపు బిళ్ళలోనూ పీడీ1 కణాలుంటాయి, కానీ ఎక్కువగా ఫాలికిల్ (గ్రంథిలో బీ-కణాల గుంపు) లోపలే. బయటికి పరుచుకుంటేనే అనుమానం. ఈబర్ (ఈబీవీ వైరస్ ఉనికిని చూపే పరీక్ష) కూడా చేయించండి. ఈబీవీ (ఎప్‌స్టీన్-బార్ వైరస్) సోకిన పెద్ద బీ-కణాలు అచ్చం హాడ్జ్‌కిన్ లింఫోమాలో ఉండే రీడ్-స్టెర్న్‌బర్గ్ కణాల్లా కనిపిస్తాయి. హాడ్జ్‌కిన్ అని రాసిన రిపోర్టుల్లో కొన్ని తప్పేది ఇక్కడే. చుట్టూ ఉన్న టీ-కణాలను చూడకపోవడమే కారణం.

అనుమానం తీరకపోతే టెట్2, రోఏ జీ17వీ, ఐడీహెచ్2 జన్యు మార్పుల పరీక్షకు హైదరాబాదుకో వెల్లూరుకో పంపాల్సి రావచ్చు. రిపోర్టు కాగితం ఒక్కటే చాలదు, మైనపు బ్లాకును (ముక్కను మైనంలో పెట్టిన దిమ్మను) కూడా ఇప్పించుకోండి. ఎండాకాలం దాన్ని కారులో వదలకండి, మైనం మెత్తబడుతుంది.