తీవ్ర గాయాలతో ఆసుపత్రిలో చేరినవారి వెంట ఉన్నవారు చేయవలసినవి

కాలు విరిగి వంకర తిరిగి కనిపిస్తున్నా వైద్యులు దాని జోలికి వెళ్లకుండా రోగి నోటి లోపల చూస్తూ, ఛాతీ మీద స్టెతస్కోపు పెడుతూ ఉంటే బంధువులకు కడుపు రగిలిపోతుంది. అది నిర్లక్ష్యం కాదు. ఏది ముందుగా ప్రాణం తీయగలదో దాన్నే ముందుగా సరిచేయాలన్నది అక్కడి నియమం. అందుకే ఉధృతంగా కారే రక్తాన్ని అదిమి ఆపిన వెంటనే శ్వాసమార్గం, ఊపిరి, రక్తప్రసరణ, మెదడు పనితీరు వరుసగా చూసి, ఆపైన బట్టలు తొలగించి ఒళ్లంతా పరీక్షిస్తారు. మెడ ఎముకకు దెబ్బ తగల్లేదని తేలేవరకు తల కదలనివ్వరు కాబట్టి, మీరు కూడా దిండు సర్దడానికి ప్రయత్నించకూడదు.

ఆ సమయంలో మీరు చేయగలిగిన అన్నిటికంటే విలువైన పని సరైన సమాచారం ఇవ్వడం. పడని మందులు, వాడుతున్న మందులు, పాత జబ్బులు, చివరిసారి తిన్న వేళ, ప్రమాదం జరిగిన తీరు ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. రక్తం పలచబడే మందులు వాడుతుంటే అడగకముందే చెప్పాలి. ప్రమాదం ఎప్పుడు జరిగిందంటే ‘ఇందాకే’ అన్న జవాబు సరిపోదు. తొమ్మిదింబావుకు అని చెప్పగలగాలి. రక్తస్రావాన్ని తగ్గించే ట్రనెక్సామిక్ యాసిడ్‌ను గాయమైన 3 గంటలలోపే మొదలుపెట్టాలి. ఆ గడువు దాటాక ఇస్తే మేలు లేకపోగా కీడు జరగవచ్చు.

దాహమని ఎంత బతిమాలినా నర్సును అడగకుండా గుక్కెడు నీళ్లు కూడా పోయకండి. ఆపరేషన్‌కు మత్తు ఇచ్చేటప్పుడు కడుపులోనిది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. ఒళ్లు చల్లబడితే రక్తం సరిగా గడ్డకట్టదు కనుక, కప్పిన దుప్పటి జారిపోతే మాత్రం వెంటనే చెప్పండి.

కొన్నిసార్లు కడుపు ఆపరేషన్‌లో రక్తస్రావం మాత్రం ఆపి, కోతను పూర్తిగా మూయకుండానే ఐసీయూకు పంపిస్తారు. శరీరం కాస్త కోలుకున్నాక, తరచుగా 24 నుంచి 48 గంటలలో, మళ్లీ ఆపరేషన్ గదికి తీసుకువెళ్లి మిగిలిన పని పూర్తిచేస్తారు. ఇది ఆపరేషన్ చెడిపోయినందుకు కాదు, ఆలోచించి ఎంచుకున్న పద్ధతి.

ఐసీయూలో వైద్యులతో మాట్లాడే బాధ్యత ఇంట్లో ఒక్కరికే అప్పగించడం మంచిది. తలకు గాయమైతే, స్పృహ ఎంత ఉందో కొలిచే గ్లాస్గో కోమా స్కేలు అంకె రోజూ అడిగి రాసుకోండి. అది 3 నుంచి 15 వరకు ఉంటుంది, పెరిగితే మెరుగని అర్థం. మత్తుమందుల ప్రభావంలో ఉన్నప్పుడు మాత్రం ఆ అంకెను బట్టి ఏ నిర్ణయానికీ రాకూడదు.

నా దృష్టిలో వెంట ఉన్నవారు అందరికంటే ముందుగా పట్టుకోగలిగిన ప్రమాదం ఒకటుంది. విరిగిన కాలు లేదా చెయ్యి బిర్రుగా ఉబ్బి, మందు ఇచ్చినా నొప్పి పెరుగుతూ, వేళ్లను మెల్లగా చాపితే రోగి కెవ్వుమంటే, కండరాల లోపల ఒత్తిడి పెరుగుతున్నదేమోనని అనుమానించాలి. తెల్లవారాక చెబుదామని ఆగకండి, అర్ధరాత్రయినా నర్సును పిలిచి చూపించండి. కొన్ని గంటల ఆలస్యానికే కండరం చచ్చిపోతుంది.

స్పృహ వచ్చాక రోగి మణికట్టు నొప్పి అన్నా, కాలి వేలు నొప్పి అన్నా తేలిగ్గా తీసుకోకూడదు. మొదటి హడావుడిలో చిన్న ఎముకల విరుగుళ్లు దృష్టికి రాకపోవడం మామూలే, అందుకే వైద్యులు మర్నాడు మళ్లీ తల నుంచి పాదాల వరకు పరీక్షిస్తారు. ఆ మాటను ఆ పరీక్ష జరిగేలోపే వారి చెవిన వేయండి.